వేలిముద్ర పడనివారి బియ్యం

తెలుగు రాష్ట్రాల్లో ప్రతి నెలా లక్షలాది కుటుంబాలు చౌకధరల దుకాణానికి వెళ్లి, డీలరు ముందున్న ఈ-పోస్ మిషన్ మీద వేలు ఆనించి, అది ఒప్పుకున్న తరువాతే బియ్యం తీసుకుంటున్నాయి. పింఛను పంపిణీలోనూ, బ్యాంకు ప్రతినిధి దగ్గర డబ్బు తీసుకునేటప్పుడూ, కొత్త సిమ్ కార్డు కొనేటప్పుడూ ఇదే తంతు నడుస్తోంది. ఒకప్పుడు ఎక్కువగా చదువురానివారు ప్రామిసరీ నోటు మీద సంతకానికి బదులు వేసే నిశానీగా ఉన్న వేలిముద్ర, పదిహేనేళ్లు తిరిగేసరికి చదువుతో నిమిత్తం లేకుండా ప్రతి పౌరుడి గుర్తింపుకూ కొలమానంగా మారింది. ఈ మార్పు వల్ల ఒనగూరిన మేలు ఎంత, జరిగిన కీడు ఎంత అన్న చర్చ చాలాకాలంగా సాగుతున్నా, ఆ చర్చలో తరచు వెనకబడిపోతున్న ప్రశ్న ఒకటుంది. వేలిముద్ర పడని మనిషికి ఆ రోజు బియ్యం ఎవరిస్తారు, ఏ నిబంధన ప్రకారం ఇస్తారు అన్నదే ఆ ప్రశ్న. యంత్రం ఔనన్నప్పుడు ఏ వ్యవస్థయినా బాగానే నడుస్తుంది కాబట్టి, కాదన్నప్పుడు అది ఏం చేస్తుందన్న దాన్నిబట్టే దాని మంచిచెడ్డలను నిర్ణయించవలసి ఉంటుంది.

గీతలు ఎలా ఏర్పడతాయి, ఎలా అరుగుతాయి

వేలిముద్రను గుర్తింపుగా వాడే పద్ధతికి భారతదేశంతో గాఢమైన సంబంధం ఉంది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే బ్రిటిష్ అధికారి, రోడ్డు సామగ్రి సరఫరాకు ఒప్పుకున్న ఒక కాంట్రాక్టరు ఆ తరువాత మాట తప్పకుండా ఉండాలని, ఒప్పంద పత్రం మీద అతని అరచేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ముద్రలను వర్గీకరించే పద్ధతిని రూపొందించడంలో అక్కడి అధికారులైన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ప్రధాన పాత్ర వహించారు. ఆ రోజుల్లో ఒప్పందం చేసుకున్నవారినీ నేరస్థులనూ గుర్తుపట్టడానికి వాడిన ఈ పద్ధతి, 2009లో విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ ఏర్పడి, 2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామంలో తొలి ఆధార్ సంఖ్యను అందజేసిన తరువాత, సంక్షేమ పథకాల వాకిట్లోకి వచ్చింది.

వేలి కొసన ఉండే గీతలు తల్లి కడుపులో మూడో నెల ప్రాంతంలో మొదలై, ఆరో నెల వచ్చేలోపు స్థిరపడతాయి. చర్మపు లోపలి పొరలో ఆ గీతల మూలరూపం ఉంటుంది కాబట్టి పైచర్మం గీసుకుపోయినా, కాలినా, గాయం లోతుగా లేనంతవరకు అవే గీతలు మళ్లీ తేలుతాయి. శాస్త్రం చెప్పే ఈ స్థిరత్వం నిజమే అయినా, యంత్రం చదవగలిగేది లోపలి పొరను కాదు, ఆ రోజు పైకి కనిపించే చర్మాన్ని. వయసు మీదపడ్డకొద్దీ చర్మం పొడిబారి, బిగువు తగ్గి, గీతల ఎత్తు పల్లాలు చదునవుతాయి. నాట్ల కాలమంతా బురదలో చేతులు నానినవారికీ, సిమెంటు, సున్నం కలిపే తాపీ పనివారికీ, ఇటుక బట్టీల్లో పనిచేసేవారికీ, పగలంతా తునికాకుతో బీడీలు చుట్టేవారికీ, నాలుగిళ్లలో సబ్బుపొడితో అంట్లు తోమేవారికీ ఈ అరుగుదల వయసుతో పని లేకుండానే వస్తుంది. కొన్ని రకాల క్యాన్సర్లకు ఇచ్చే కేపసిటాబిన్ అనే మందు వల్ల అరచేతుల చర్మం పొట్టు లేచి, వేలిముద్రలు చెరిగిపోయే సందర్భాలు కూడా వైద్యులకు తెలిసినవే. కష్టం చేసి బతికేవారి వేళ్లే, అంటే రేషను బియ్యం మీద ఎక్కువగా ఆధారపడేవారి వేళ్లే, యంత్రానికి తక్కువగా అర్థమవుతాయన్న మాట.

యంత్రం లోపల జరిగేది

వేలు ఆనించిన క్షణంలో ఈ-పోస్ మిషన్ ఆ ముద్రను చిత్రంగా తీసుకుని, గీతలు ఎక్కడ ఆగిపోతున్నాయో, ఎక్కడ రెండుగా చీలుతున్నాయో గుర్తించి, ఆ బిందువుల అమరికను సంకేత రూపంలోకి మార్చి, రాష్ట్ర ప్రభుత్వ సర్వరు మీదుగా ఆధార్ కేంద్ర సమాచార నిధికి పంపుతుంది. అక్కడ ఆ వ్యక్తి పేరిట నమోదై ఉన్న ముద్రతో దీన్ని పోల్చి చూసి, ఔను లేదా కాదు అన్న సమాధానం మాత్రమే తిరిగి పంపుతారు. ఈ పోల్చి చూసే పనినే ధ్రువీకరణ అంటారు. ఇది సవ్యంగా జరగాలంటే మిషన్ చార్జింగు, ఫోన్ సిగ్నల్, రాష్ట్ర సర్వరు, కేంద్ర సర్వరు, మనిషి వేలు అనే అయిదూ ఒకే నిమిషంలో సక్రమంగా ఉండాలి. ఒక్కొక్కటి నూటికి 98 సార్లు సరిగా పనిచేస్తుందనుకుని లెక్క కడితే, అయిదూ కలిసి సరిగా పనిచేసేది నూటికి దాదాపు 90 సార్లు మాత్రమే. విడివిడిగా చూస్తే ఏ భాగంలోనూ పెద్ద లోపం లేకపోయినా, మొత్తం మీద పదిమందిలో ఒకరు ఆ పూటకు వెనుదిరగవలసి రావడం ఈ లెక్కలోనే ఇమిడి ఉంది. సర్వరు పనిచేయడం లేదనో, నెట్ రావడం లేదనో, వేలిముద్ర పడటం లేదనో డీలరు చెప్పే కారణం ఏదైనా, సంచీ పట్టుకుని వచ్చిన మనిషికి ఫలితం ఒక్కటే.

రెండు ముద్రలు ఎప్పుడూ అక్షరాలా ఒకటిగా ఉండవు కాబట్టి, ఎంత దగ్గరగా ఉంటే సరిపోయినట్టు లెక్కించాలో ముందుగా ఒక హద్దు పెట్టుకోవాలి. ఆ హద్దును కఠినం చేస్తే ఒకరి పేరుతో మరొకరు సరుకులు తీసుకునే అవకాశం తగ్గుతుంది గాని, అసలైన మనిషిని కాదనడం పెరుగుతుంది. సడలిస్తే అసలైనవారికి సులభమవుతుంది గాని, మోసానికి సందు దొరుకుతుంది. ఈ రెండు రకాల పొరపాట్లనూ ఒకేసారి సున్నాకు తెచ్చే యంత్రం లేదు. ఏ పొరపాటును ఎంతవరకు భరించాలన్నది ఇంజినీరు ఒక్కడే తేల్చగలిగింది కాదు, సమాజమూ ప్రభుత్వమూ తీసుకోవలసిన నిర్ణయం. ఒకరి కోటా మరొకరికి పోతే నష్టం ఖజానాకు, అసలైన మనిషికి కోటా అందకపోతే నష్టం ఆ ఇంటి వంటగదికి. ఖజానా ఆ కొద్దిపాటి నష్టాన్ని తట్టుకోగలదు, నెలకు మనిషికి 5 కిలోల బియ్యం మీద బతుకు ఈడ్చే ఇల్లు తట్టుకోలేదు.

సగటు చాటున ఉండిపోయేవారు

ఆధార్ కేసు విచారణ సందర్భంగా 2018లో ప్రాధికార సంస్థ సుప్రీంకోర్టుకు సమర్పించిన వివరాల ప్రకారం, ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ ప్రయత్నాలు సఫలమైన శాతం 88. ధ్రువీకరణ విఫలమైనంత మాత్రాన ఆ మనిషికి సేవ నిరాకరించినట్టు కాదని, ప్రత్యామ్నాయ మార్గాలున్నాయని కూడా సంస్థ వివరించింది. ఆ వివరణలో న్యాయం ఉంది. మొదటి వేలు పడకపోతే రెండో వేలు, ఒకరిది పడకపోతే కార్డులో పేరున్న మరొకరిది ప్రయత్నించవచ్చు. అయితే ఇలాంటి సగటు లెక్కలు చెప్పని సంగతులు రెండున్నాయి.

మొదటిది, వైఫల్యం అందరికీ సమానంగా పంచుకున్నట్టు రాదు. ఈ నెల వేలిముద్ర పడని వృద్ధురాలికి వచ్చే నెలా పడదు, ఆ పై నెలా పడదు. నలుగురు సభ్యులున్న కార్డుకు నాలుగు జతల చేతులు, నలభై వేళ్లు ఉంటాయి. కొడుకో, కోడలో, మనవడో వెళ్లి వేలు పెట్టి తెచ్చేస్తారు. పిల్లలు వలస పోయి ఒంటరిగా మిగిలిన వితంతువుకో, భార్య చనిపోయిన ముసలాయనకో ఉన్నవి రెండే చేతులు. మొత్తం కార్డుల్లో ఇలాంటివి కొద్ది శాతమే కావడం వల్ల రాష్ట్ర స్థాయి నివేదికలో అవి పైకి కనిపించవు గాని, ఆహార భద్రత అనే మాట అందరికన్నా ముందు ఎవరికోసం పుట్టిందో వారు ఆ కొద్ది శాతంలోనే ఉన్నారు. రెండోది, సఫలమైన లావాదేవీల లెక్కలో తిరిగిన తిరుగుళ్లు కనిపించవు. ఒకామె సోమవారం వెళ్లి, వేలు నీళ్లతో కడిగి, కొంగుతో తుడిచి, తలనూనె రాసి చూసి, పడక తిరిగి వచ్చి, బుధవారం కూలి మానుకుని మళ్లీ వెళ్లి, మూడోసారికి బియ్యం తెచ్చుకున్నా రికార్డులో అది సరుకు అందిన కార్డుగానే నమోదవుతుంది. పోయిన కూలి డబ్బు ఏ పద్దులోకీ ఎక్కదు.

ఒకే సాంకేతికత, రెండు ఫలితాలు

యంత్రాన్నిబట్టి కాక, యంత్రం చుట్టూ అల్లిన నిబంధనలనుబట్టే ఫలితం మారుతుందనడానికి పరిశోధనల సాక్ష్యం ఉంది. అందులో మొదటిది తెలుగు నేల మీద జరిగినదే. ఆధార్ విస్తరించకముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్ల చెల్లింపు కోసం వేలిముద్రలతో కూడిన స్మార్ట్ కార్డులను ప్రవేశపెట్టింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వ సహకారంతో 8 జిల్లాల్లోని 157 మండలాల్లో, సుమారు 1.9 కోట్ల జనాభా మధ్య ఈ పథకాన్ని పరిశీలించారు. ఏ మండలంలో ముందు అమలు చేయాలో, ఏ మండలంలో తరువాత అమలు చేయాలో చీటీ తీసినట్టుగా నిర్ణయించి, రెండింటినీ పోల్చి చూడటం ఈ అధ్యయన పద్ధతి. కార్డులు ముందుగా వచ్చిన మండలాల్లో కూలి డబ్బు త్వరగా చేతికందిందని, మధ్యలో మాయమయ్యే సొమ్ము గణనీయంగా తగ్గిందని, పథకం అందుబాటు మాత్రం తగ్గలేదని 2016లో ప్రచురితమైన వారి పత్రం తేల్చింది.

ఈ విజయం వెనక ఉన్న రెండు వివరాలు గమనించదగినవి. డబ్బు పంచే బాధ్యతను గ్రామంలోనే ఉండే, కొద్దిపాటి చదువున్న స్థానికులకు, చాలాచోట్ల స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించడంతో చెల్లింపు ఊరి గడప దాకా వచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, కార్డు రాని వారికీ వేలిముద్ర నమోదు కాని వారికీ పాత పద్ధతిలో డబ్బు ఇవ్వడం ఆపలేదు. రెండేళ్ల తరువాత కూడా చెల్లింపుల్లో దాదాపు సగం మాత్రమే కొత్త పద్ధతిలో జరిగాయి. పని పూర్తికాలేదన్న విమర్శకు తావిచ్చిన ఆ అసంపూర్ణతే నిజానికి పేదలకు రక్షణగా నిలిచింది.

అదే పరిశోధకులు తరువాత ఝార్ఖండ్‌లో రేషను పంపిణీపై సుమారు 1.5 కోట్ల లబ్ధిదారుల మధ్య ఇలాంటి అధ్యయనమే చేశారు. అక్కడ ఆధార్ వేలిముద్రను తప్పనిసరి చేశారు. కేవలం ధ్రువీకరణ వల్ల సరుకు పక్కదారి పట్టడం తగ్గలేదని, ఆధార్ అనుసంధానం కాని కుటుంబాలకు అందే లబ్ధి సగటున 10 శాతం పడిపోయిందని తేలింది. ఆ తరువాత మిషన్ల లెక్కల ప్రకారం దుకాణాలకు సరుకు కోత పెట్టినప్పుడు అక్రమాలు బాగా తగ్గాయి గాని, దాంతోపాటు అర్హులకు అందే బియ్యం కూడా తగ్గింది. ఒకచోట మేలు చేసిన వేలిముద్ర మరోచోట కీడు చేయడానికి కారణం చర్మంలోనూ లేదు, యంత్రంలోనూ లేదు. ఒకచోట అది అదనపు సౌకర్యంగా వచ్చింది, మరోచోట తప్పించుకోలేని షరతుగా వచ్చింది.

మోసాల్లో రకాలున్నాయన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. లేని మనిషి పేరుతోనో, మరొకరి పేరుతోనో సరుకు తీసుకోవడం ఒక రకం. ఉన్న మనిషికి 20 కిలోలు రాసి 18 కిలోలు తూచడం మరో రకం. ఆర్థికవేత్తలు జ్యాఁ ద్రేజ్, రీతికా ఖేరా వంటివారు ఎత్తిచూపినట్టు, వేలిముద్ర మొదటి రకాన్ని అడ్డుకోగలదు గాని రెండో రకాన్ని అడ్డుకోలేదు. వేలిముద్ర తీసుకున్న తరువాత కూడా తూకంలో కొట్టవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఎలక్ట్రానిక్ కాటాను ఈ-పోస్ మిషన్‌తో అనుసంధానించడం ఆ రెండో రకం మోసాన్ని అరికట్టే దిశలో వేసిన సరైన అడుగు. ఏ జబ్బుకు ఏ మందో చూసుకుని వాడాలన్న మాట పాలనకూ వర్తిస్తుంది.

మేలును కాదనలేం

వేలిముద్ర విధానాన్ని పూర్తిగా తీసిపారేయాలనడం కూడా సబబు కాదు. బియ్యం కార్డు ఒక ఊరి దుకాణానికి కట్టేసినట్టు ఉన్నంతకాలం, పొట్టకూటికి ఊరు విడిచినవారు తమ వాటాను అక్కడే వదులుకోవలసి వచ్చేది. డీలరు దురుసుగా మాట్లాడినా, నెలలో రెండు రోజులే దుకాణం తెరిచినా మరో దారి ఉండేది కాదు. ఎక్కడ వేలు పెట్టినా మనిషిని గుర్తుపట్టే ఏర్పాటు వచ్చాకే, ఏ దుకాణంలోనైనా సరుకు తీసుకునే సౌలభ్యం సాధ్యమైంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకాన్ని 2019 ఆగస్టులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు, తొలి జంటలుగా ఎంచుకున్నవి ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, గుజరాత్–మహారాష్ట్రలు. శ్రీకాకుళం నుంచి హైదరాబాదుకు భవన నిర్మాణ పనికి వచ్చిన కుటుంబం తన కోటాను హైదరాబాదులోనే తీసుకోగలగడం చిన్న విషయం కాదు. 2022 నాటికి ఈ సౌకర్యం దేశమంతటికీ విస్తరించింది.

కాబట్టి వేలిముద్రను ఉంచాలా తీసేయాలా అన్న వాదన కన్నా, అది పడనప్పుడు తెరుచుకునే రెండో తలుపు ఎంత విశాలంగా ఉందన్న వాదన ప్రయోజనకరం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పోస్ విధానం వచ్చిన కొత్తలో, వేలిముద్ర పడనివారి తరఫున గ్రామ రెవెన్యూ అధికారి తన వేలిముద్రతో ధ్రువీకరించి సరుకు ఇప్పించే ఏర్పాటు చేశారు. ఊళ్లో మనిషిని మనిషి ఎరిగి ఉండటాన్ని వ్యవస్థలో భాగం చేసిన మంచి పద్ధతి అది. బాధ్యత ఎవరిదో రికార్డులో నిలుస్తుంది కాబట్టి దుర్వినియోగం జరిగితే నిలదీయడమూ సాధ్యమే. 2025 జూన్‌లో ఇంటింటి పంపిణీ వాహనాలను ఎత్తివేసి తిరిగి దుకాణాల ద్వారా సరుకులు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, 65 ఏళ్లు దాటినవారికీ దివ్యాంగులకూ ఇంటి వద్దే ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించడం కూడా ఈ కోవలోదే. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయాన్ని చదివే ఐరిస్ పద్ధతి, ముఖాన్ని గుర్తించే పద్ధతి, ఫోనుకు వచ్చే ఓటీపీ అదనపు దారులుగా ఉపయోగపడతాయి. అయితే సొంత ఫోను లేని ముసలమ్మకు ఓటీపీ పనికిరాదు. యంత్రం విఫలమైనచోట మరో యంత్రాన్ని పెట్టడంతో సరిపెట్టకుండా, చివరి దారిలో నిర్ణయాధికారం ఉన్న మనిషిని ఉంచడం తప్పనిసరి.

చట్టం ఎవరి పక్షాన ఉంది

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని అమలు చేసినప్పటి నుంచీ తెలుగునాట కోటా బియ్యం రాజకీయంగా ప్రజల హక్కుగా స్థిరపడింది. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం దానికి చట్టబద్ధత కల్పించి, గ్రామీణ జనాభాలో 75 శాతం వరకు, పట్టణ జనాభాలో 50 శాతం వరకు ప్రజలకు నెలకు మనిషికి 5 కిలోల ధాన్యాన్ని, నిరుపేదలైన అంత్యోదయ కుటుంబాలకు 35 కిలోలను ఖాయం చేసింది. అర్హులకు ధాన్యం అందించలేకపోతే ఆహార భద్రతా భత్యం చెల్లించాలని ఆ చట్టంలోని 8వ సెక్షన్ చెబుతోంది.

2016 నాటి ఆధార్ చట్టంలోని 7వ సెక్షన్ సంక్షేమ పథకాలకు ఆధార్ అడిగే అధికారం ప్రభుత్వానికి ఇస్తూనే, ఆధార్ సంఖ్య ఇంకా కేటాయించనివారికి ప్రత్యామ్నాయ గుర్తింపు మార్గం చూపాలని షరతు పెట్టింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 4–1 ఆధిక్యంతో ఈ సెక్షన్‌ను సమర్థించినా, ధ్రువీకరణ విఫలమైన కారణంగా అర్హులు లబ్ధి కోల్పోరాదన్న అంశాన్ని నొక్కి చెప్పింది. ఆధార్ లేకపోవడం, అనుసంధానం కాకపోవడం, వేలిముద్ర పడకపోవడం, నెట్ లేకపోవడం వంటి కారణాలతో ఎవరికీ రేషను నిరాకరించవద్దని, అలాంటి సందర్భాలను విడిగా పుస్తకంలో రాసి సరుకు ఇవ్వాలని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. ఇంత స్పష్టంగా ఉన్న నిబంధన చాలామంది లబ్ధిదారులకు తెలియకపోవడమే అసలు లోటు. దుకాణం గోడ మీద ధరల పట్టికకు ఉన్న చోటు ఈ నాలుగు వాక్యాలకు దక్కడం లేదు.

ప్రభుత్వాలు చేయవలసిన పనులు భారీ ఖర్చుతో కూడినవేమీ కావు. వరసగా రెండు నెలలు ధ్రువీకరణ విఫలమైన కార్డుల జాబితాను మిషన్ల లెక్కల్లోంచే తీసి, గ్రామ సచివాలయ సిబ్బందినో రెవెన్యూ సిబ్బందినో ఆ ఇళ్లకు పంపవచ్చు. ఒంటరి వృద్ధుల కార్డులకు నమ్మకస్థులైన మరొకరిని నామినీగా చేర్చే పనిని దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా అధికారులే పూర్తి చేయవచ్చు. లావాదేవీల విజయ శాతంతోపాటు, ఒక్కో కార్డుదారు ఎన్నిసార్లు తిరగవలసి వచ్చిందో కూడా నివేదికల్లో ప్రచురిస్తే, ఇబ్బంది ఎక్కడుందో ఎవరూ వెతకనక్కర్లేకుండానే బయటపడుతుంది.

పాఠకులు చేయగలిగిందీ ఉంది. ఇంట్లోనో, వీధిలోనో వేలిముద్ర పడక తిరిగివచ్చిన పెద్దలుంటే, వారి వెంట దుకాణానికి వెళ్లి, మినహాయింపు పుస్తకంలో పేరు రాసి సరుకు ఇవ్వమని మర్యాదగా అడగాలి. ఇవ్వకపోతే పౌర సరఫరాల సహాయ సంఖ్య 1967కు ఫోను చేయాలి, అవసరమైతే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాసి ఇవ్వాలి. వేలిముద్రలను కొత్తగా నమోదు చేయించడానికి ఆధార్ కేంద్రానికి తీసుకువెళ్లవచ్చు, ఆ వివరాలకు 1947 సంఖ్య ఉంది. వేలిముద్ర పడకపోవడం ఆ మనిషి తప్పు కాదు, బియ్యం ఇవ్వకపోవడం మాత్రం వ్యవస్థ తప్పు. ఆ తప్పును దిద్దమని అడిగే హక్కు చట్టం ఇప్పటికే ఇచ్చింది.